వెనిస్‌లో కొన్న తల్లిగారి చీర

మా అక్క బుచ్చమ్మ నర్సింహులపేటలో చనిపోయిన రోజు నేను వెనిస్‌లో బోటెక్కి ఊరు చూస్తున్నాను. మా టూరు బస్సులో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు. నా భార్య శారదకు తెలుసు, టూర్ మేనేజరుకు తెలుసు, నాకు బీపీ చూసే నర్సు రూతుకు తెలుసు, ఆఖరికి వెనక సీట్లో ఎప్పుడూ గురకపెట్టే హన్మకొండ ముసలాయనకు కూడా తెలుసు. తెలియనివాడిని నేనొక్కడినే. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

నా పేరు ఎల్లస్వామి. దేవరుప్పులలో నాకు టెంట్ హౌస్ ఉంది. పెళ్ళయినా చావయినా ఆ చుట్టుపక్కల షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు నావే. కొన్నేళ్ళ కింద వైకుంఠ రథం కూడా కొన్నాను. శవాన్ని స్మశానానికి తీసుకుపోయే బండి. దాన్ని లింగ్యా నడుపుతాడు. కొన్న కొత్తలో ఒక ఊళ్ళో పెద్ద గొడవ అయింది. మా వైపు ఆడమనిషి పోతే తల్లిగారింటి నుంచి చీర రావాలి. అన్నో తమ్ముడో ఆ చీర తెచ్చి మీద కప్పాలి. అది కప్పనిదే శవాన్ని ఎత్తకూడదు. అక్కడేమో తొందరపడి ముందే ఎత్తి రథంలో పెట్టేశారు. అన్నదమ్ములు చీర పట్టుకుని వచ్చేసరికి బండి ఊరి పొలిమేరలో ఉంది. వాళ్ళ కోపమంతా నా రథం అద్దాల మీద చూపించారు.

ఆ రోజు నుంచి లింగ్యాకు ఒక నియమం పెట్టాను. ఏ ఇంటి ముందు నుంచి రథం కదలాలన్నా ముందు నాకు ఫోన్ చెయ్యాలి. నేను రెండు మాటలు అడుగుతాను. అందరూ వచ్చారా? తల్లిగారి చీర వచ్చిందా? రెండూ అయ్యాయంటేనే కదిలించమంటాను. నేను పెళ్ళి భోజనంలో ఉన్నా, దవాఖానాలో మంచం మీద ఉన్నా ఈ పద్ధతి తప్పలేదు.

మా అక్కకు తల్లిగారంటే నేనే. ఇంకెవరూ లేరు. మా అమ్మ పోయినప్పుడు నాకు సరిగ్గా లాగు కట్టుకోవడం కూడా రాదు. అక్కే నన్ను సాకింది. చలికాలం పొద్దున పొయ్యి ముందు కూర్చోబెట్టి తన చీర కొంగు నా మీద కప్పేది. కొంగు చివరలకు మసి వాసన ఉండేది. ఆమె పెళ్ళయి నర్సింహులపేట పోయేటప్పుడు నేను బండి వెనక ఏడ్చుకుంటూ పరుగెత్తానని ఊళ్ళో వాళ్ళు చాలా రోజులు నవ్వుకున్నారు.

మా బిడ్డ శృతి హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ కంపెనీలో పనిచేస్తుంది. ఎండాకాలంలో నాకు గుండెకు స్టెంటు వేసిన తర్వాత "బాపూ, ఎప్పుడు చూసినా సావులు పెండ్లిళ్ళేనా, జర బయటి లోకం జూడు" అని మా ఇద్దరినీ ఈ టూరులో ఎక్కించింది. బయలుదేరే ముందు అక్కకు చెప్పివద్దామని నర్సింహులపేట పోయాను. అక్క అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతూ ఉంది.

"తమ్మీ, నువ్వు వొయ్యే కాడ చీరలు దొర్కుతయా?" అంది.

"ఆడ చీరలెవరు గడ్తరక్కా. అంత ప్యాంట్లే."

"గుడ్డన్న దొర్కుతది గద. నాకొక గుడ్డ తే. సలికాలమొస్తున్నది, జర మందంది జూడు. బతికుంటె కట్టుకుంట, లేకుంటె నువ్వే నా మీద కప్పుదువు. బుచ్చమ్మకు తల్లిగారి చీర ఫారిన్‌కెళ్ళి వచ్చిందని ఊరంత చెప్పుకోవాలె."

"ఏం మాటలక్కా గవి" అని కసిరాను. ఆమె నవ్వి చేటలో కందులు ఎగరేసింది.

ఇక ఆ రోజు సంగతి. వెనిస్‌కు అవతల ఒడ్డున మెస్త్రే అనే ఊళ్ళో హోటల్లో దిగాం. నవంబర్ నెల, బయట ముసురు. నేను లేచేసరికి శారద తలస్నానం చేసి జుట్టు తుడుచుకుంటూ ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గింత సలిల తలకు పోసుకున్నవేందే? పండుగనా పబ్బమా?" అన్నాను.

"జిడ్డయింది. షాంపూ కండ్లల్ల వడ్డది" అంది, నా వైపు చూడకుండా.

కింద నాష్టా దగ్గర ఇంకో వింత. స్టెంటు వేసిన దగ్గర్నుంచి గుడ్డులో పచ్చసొన కూడా తిననివ్వని మనిషి, ఆ రోజు నా ప్లేటులో రెండో గుడ్డు పెట్టింది. రొట్టెకు వెన్న రాసి ఇచ్చింది. "కడుపు నిండ తిను" అంది. రూతు వచ్చి కూర్చుంది. ఆమెది మహబూబాబాద్, అక్కడి దవాఖానాలో నర్సు చేసి రిటైరయింది, మాలాగే టూరుకు వచ్చింది. ముందు రోజు సాయంత్రమే బీపీ చూసింది, మళ్ళీ పట్టీ కట్టింది.

"నిన్న జూస్తివి గద రూతమ్మా."

"మల్ల జూస్తె ఏమైతదన్నా. గోలీ ఏసుకున్నవా?"

అప్పుడైనా నాకు అర్థం కావాలి. మా వైపు చావు కబురు ఖాళీ కడుపున చెప్పం. ముందు తినిపిస్తాం, తర్వాత చెప్తాం. నేనే ఎన్ని ఇళ్ళలో షామియానా గుంజలు పాతిస్తూ, బయటి ఊరి నుంచి వచ్చే కొడుకుకు ఫోన్‌లో చెప్పొద్దని, ముందు నాలుగు మెతుకులు తిననివ్వమని సలహా ఇచ్చానో లెక్కలేదు. నా ముందు పెట్టిన గుడ్డును మాత్రం గుడ్డు అనుకునే తిన్నాను. శారద తర్వాత నా ఎదుటే కూర్చుని ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు, అది కూడా చూడలేదు.

తెల్లవారకముందే మా మేనల్లుడు నగేశ్ శారదకు ఫోన్ చేశాడట. అక్క నిద్రలోనే పోయింది. "మామ గుండె మంచిగ లేదు, చెప్పకు అత్తమ్మా. టికెట్ దొరికినా రేపటి దాక రాలేడు. మేం కానిచ్చుకుంటం" అన్నాడట. శారద సరేనంది. విననంతసేపు నాకు మైల లేదు కదా, తిరిగి వెళ్ళాక మెల్లగా చెప్దాం అనుకుంది. తాను మాత్రం విన్నది కాబట్టి స్నానం చేసింది. రూతుకు చెప్పింది, నాకేమైనా అయితే చూసుకోవడానికి. రూతు మేనేజరుకు చెప్పింది. అక్కడి నుంచి బస్సంతా పాకింది. నా ఇంటి చావు నా దగ్గరికి తప్ప అందరి దగ్గరికీ పోయింది.

ఆ మేనేజరు రాజమండ్రి వైపు వాడు. వచ్చినప్పటి నుంచి నేను నోరు తెరిస్తే చాలు వాడికి నవ్వు. నేను "గిదేంది" అంటే వాడు పక్కవాళ్ళతో "గిదేంది" అని మెల్లగా అనేవాడు. నాకు వినబడదనుకునేవాడు. జెండా పట్టుకుని "త్వరగా రండి, త్వరగా రండి" అని మమ్మల్ని గొర్రెల మందలా తోలేవాడు. ఆ రోజు అతనే నా గొడుగు తెరిచి చేతికిచ్చాడు. "మెల్లగా రండి సార్, తొందరేం లేదు" అన్నాడు. వీడికి ఇవాళ ఏం రోగమొచ్చిందనుకున్నాను.

బోటులో అవతలికి పోయాం. నీళ్ళు ఆకుపచ్చగా, మురికిగా ఉన్నాయి. ఇళ్ళు నీళ్ళలోంచే లేచాయి, గడప దిగితే నీళ్ళే. గోడల సున్నం ఊడిపోయి ఇటుకలు కనపడుతున్నాయి. కింది అంతస్తుల కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. నీళ్ళు రావడం వల్ల కింద ఎవరూ ఉండరని, ఉండేవాళ్ళు కూడా ఏటేటా తగ్గిపోతున్నారని మేనేజరు చెప్పాడు. అంత పెద్ద మేడలు కట్టుకుని ఏం లాభం, దీపం పెట్టేవాడు లేకపోతే అన్నాను నేను.

పెద్ద చర్చి ముందరి మైదానంలో సముద్రం పోటెక్కి మడమల దాకా నీళ్ళు నిలిచాయి. నడవడానికి బల్లలు వేశారు. ఇనుప కాళ్ళు, పైన చెక్కలు, అచ్చం మా స్టేజీ బల్లలే. నేను వంగి బిగింపులు చూశాను.

"మనోళ్ళే నయమే శారదా. గిది కాలు వెడ్తె ఊగుతున్నది" అన్నాను. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఒక పక్క హోటల్ ముందు వరసగా కుర్చీలు, చిన్న పందిరి కింద సూట్లు వేసుకున్న నలుగురైదుగురు ఫిడేళ్ళు వాయిస్తున్నారు. కుర్చీల్లో ఒక్క మనిషి లేడు. కుర్చీల కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. వినేవాళ్ళు లేకపోయినా వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. నాకు ఎందుకో మనసు చెడ్డయింది. మధ్యాహ్నం ఎండలో ఖాళీ షామియానా కింద బ్యాండు వాళ్ళు ఒక్కరే మిగిలినప్పుడు కూడా నాకు అట్లాగే ఉంటుంది.

"నా ఫోన్ తియ్యి. అక్కకు వీడియో జేసి గీ నీళ్ళు చూపిస్త" అన్నాను. పొద్దున బస్సు దిగేటప్పుడే, నీళ్ళలో పడేసుకుంటావని శారద నా ఫోన్ తన బ్యాగులో వేసుకుంది.

"మబ్బున్నది, సిగ్నల్ రాదు."

"అందరు మాట్లాడుతున్నరు, నాకే రాదా?"

"ఛార్జింగ్ తక్కువున్నది. తర్వాత జేద్దువు."

"తర్వాత ఆమె పంటది. ఆడికి ఈడికి నాలుగున్నర గంటల తేడా ఉన్నది, ఎరుకేనా నీకు?"

"ఎరుకే" అంది శారద. ఆ ఒక్క మాట ఎందుకో చాలా మెల్లగా అంది.

తర్వాత సన్న కాలువల్లో తిప్పే పడవలు చూపించారు. నల్లగా, పొడుగ్గా, రెండు చివరలా పైకి లేచి, నడుమ ఎర్ర మెత్తలు. వాన పడుతుందని మీద నల్ల గుడ్డ కప్పి ఉంచారు. నా నోరు ఊరుకోదు కదా.

"గిదేందే, పాడెకు రంగేసి నీళ్ళల్ల ఇడిసినట్టున్నది" అన్నాను.

మామూలుగా అయితే బస్సంతా నవ్వేది. ఆ రోజు ఒక్కరు నవ్వలేదు. హన్మకొండ ముసలాయన అటు తిరిగాడు. శారద చేత్తో నా నోరు మూసింది.

"నా కర్మ! నలుగుట్ల పరువు తీస్తున్నవేందే" అని ఆ చెయ్యి తోసేశాను. పడవ నేను ఎక్కలేదు, ఆమె కూడా ఎక్కలేదు. వంతెన మీద నిలబడి మిగతావాళ్ళు పోవడం చూశాం. రూతు, మేనేజరు కూడా మాతోనే ఆగిపోయారు. పాతకాలంలో ఖైదీలను ఇంకో వంతెన మీదుగా జైలుకు తీసుకుపోయేవాళ్ళట, అక్కడి చిన్న కిటికీలోంచి వాళ్ళు ఊరిని ఆఖరుసారి చూసుకునేవాళ్ళట. మేనేజరు అంతవరకు చెప్పి సగంలో ఆపేశాడు.

వంతెన దిగి గల్లీలోకి పోతే నాకు బట్టల దుకాణం కనపడింది. అద్దాల వెనక తానులు నిలబెట్టి ఉన్నాయి. నేను ఆగిపోయాను.

"అక్క గుడ్డ తెమ్మన్నది" అన్నాను.

"ఇప్పుడెందుకయ్యా" అంది శారద.

"ఇప్పుడు గాకుంటె ఎప్పుడు? రేపు పొద్దుగాల్నే పోతున్నం గద."

"ఇంకో ఊళ్ళె గొందువు. నా మాటిను."

నేను వినలేదు. లోపల తెల్ల జుట్టు ముసలమ్మ ఒకామె ఉంది. మెడలో కొలత టేపు. తానులన్నీ చేత్తో తడిమి చూశాను. పట్టు వద్దు, జారిపోతుంది. ఆఖరికి వంకాయ రంగులో ఒకటి దొరికింది. సన్న ఉన్ని, మెత్తగా, వెచ్చగా ఉంది, బరువు లేదు. పన్నా కూడా చీరంత ఉంది. అక్క ముదురు రంగులే కడుతుంది, మసి కనపడదని. నేను టేపు వద్దని చెప్పి నా మూరతో కొలిచాను. పన్నెండు మూరలు. ముసలమ్మకు అది చూసి నవ్వొచ్చింది, బట్ట తానును తిప్పుతూ సాయం చేసింది.

మేనేజరు ఆమెకు ఏదో వాళ్ళ భాషలో చెప్పాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. కత్తెర పట్టుకుని నా ముఖం వైపు చూసింది. అప్పుడు నేను శారద వైపు తిరిగితే, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఉంది.

"ఏందే! ఒక్క అక్క నాకు. ఆమెకొక గుడ్డ గొంటె నీ సొమ్మేం వోయింది?" అని అరిచాను.

శారద బ్యాగు కౌంటరు మీద పడేసి బయటికి పరుగెత్తింది. రూతు వెనకే పోయింది. మేనేజరు నేల చూస్తూ "మీకు ఎంత కావాలంటే అంత తీసుకోండి సార్, టైముంది" అన్నాడు. ధర కూడా అడగకుండా నేను కట్ చెయ్యమన్నాను. ముసలమ్మ గుడ్డను మడతపెట్టి, తెల్ల కాగితంలో చుట్టి, రెండు చేతులతో నాకిచ్చింది.

పోనీలే, అక్కకైనా చూపిద్దామని బ్యాగులోంచి ఫోన్ తీశాను. ఛార్జింగ్ నిండా ఉంది. లింగ్యా ఫోన్లు వరసగా వచ్చి ఉన్నాయి, శారద శబ్దం రాకుండా పెట్టి ఉంచింది. ఏం పని పడిందో అనుకుంటూ ఉండగానే చేతిలో మళ్ళీ లింగ్యా ఫోనే వెలిగింది.

"అన్నా! గింతసేపాయె, ఎత్తకపోతివేందన్నా. రథం కాడ్నే నిలవడ్డ. అందరు నన్ను తిడ్తున్నరు."

ఎవరింటి ముందు అని నేను అడగలేదు. వారానికి నాలుగు చావులు చూసేవాడిని, నోరు అలవాటు మీద పోయింది.

"అందరొచ్చిండ్రా?"

"వచ్చిండ్రన్నా."

"తల్లిగారి చీర వచ్చిందా?"

అటు నుంచి డప్పులు వినపడుతున్నాయి.

"ఏందిరా, నోట్లె ఏమన్న వెట్టుకున్నవా? వచ్చిందా రాలేదా?"

"ఒకటైతె కప్పిండ్రన్నా. గని..."

"గని ఏందిరా? తల్లిగారోళ్ళు కప్పిండ్రా, ఇంకెవలన్న కప్పిండ్రా? ఆళ్ళు రాకుంటె ఎత్తనియ్యకు, మల్ల అద్దాలు వల్గుతయ్. గా తమ్ముడెవడో ఎక్కడ పన్నడు? ఒక్కనాటి దానికి గూడ తీరలేదా ఆనికి?"

లింగ్యా ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, రోజూ శవాలను మోసేవాడు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"తల్లిగారు నువ్వే గదన్నా. నేను నర్సింహులపేటల ఉన్న. చెప్పొద్దన్నరు. నువ్వే గదన్నా, నీకు చెప్పకుంట కదిలియ్యొద్దంటివి."

ముసలమ్మ కుర్చీ తెచ్చింది. మేనేజరు నన్ను పట్టుకున్నాడు. పొద్దటి నుంచీ అందరూ నాతో ఎట్లా మాట్లాడారో మొత్తం ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చింది. రెండో గుడ్డు, గొడుగు, శారద తడి జుట్టు. ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది నాకు. అక్క పోయినందుకు కాదు, నన్ను దద్దమ్మను చేసి ఊరంతా తిప్పినందుకు.

"నగేశ్‌కియ్యి ఫోన్. వీడియో వెట్టు" అన్నాను.

నగేశ్ ముఖం కనపడింది. గడ్డం పెరిగి, భుజం మీద తడి తువ్వాల. "మామా, నీ పాణం బాగలేదని..." అంటుంటే "చూపియ్యి" అన్నాను. ఫోన్ తిప్పాడు. నా షామియానానే, ఎర్ర అంచుది, వాకిట్లో వేసి ఉంది. దాని కింద అక్క. ముక్కులో దూది, నుదుటన రూపాయి బిళ్ళ. ముఖం ఎప్పటిలాగే ఉంది, ఏదో అనబోయి ఆగినట్టు. మీద పసుపుపచ్చ పాలిస్టరు చీర, దుకాణం మడతలు కూడా విడలేదు.

"మీ పాలోడు తిరుపతి నీ పేరు మీద కప్పిండు మామా. అమ్మకు తమ్ముని వరస గద, ఏంగాదన్నరు."

నేను కాగితం చింపాను. వంకాయ రంగు గుడ్డను ఫోన్ ముందు పెట్టాను.

"అక్కా, గుడ్డ దొర్కిందే. నువ్వు చెప్పినట్టే మందంగున్నది. సలి వెట్టదు" అన్నాను.

అక్కడ ఆడవాళ్ళు ఒక్కసారి బొబ్బ పెట్టారు. డప్పులు ఆగాయి. ఎవరో పెద్దమనిషి "పొద్దు గూకుతున్నది, కానియ్యుండ్రి" అన్నాడు. ఇంకెవరో "తమ్ముడు ఒప్పుకోనిదే ఎట్ల" అన్నారు. అందరూ నా మాట కోసం ఆగారు.

ఎత్తొద్దని చెప్పే హక్కు నాకుంది. నేను వచ్చిందాకా ఐసు పెట్టెలో ఉంచమంటే ఉంచుతారు. నాలుక చివర దాకా వచ్చింది ఆ మాట. కానీ అట్లా ఆపిన ఇళ్ళను నేను చూశాను. రెండో రోజుకు ముఖం ఎట్లా మారుతుందో, సొంత బిడ్డలే ఎట్లా దూరంగా జరుగుతారో నాకు తెలుసు. చీర కోసం పంతం పట్టే అన్నదమ్ములను నేనే ఎన్నోసార్లు తిట్టాను, పోయినామెను ఎందుకు గోస పెడతారని. ఇప్పుడు ఆ తమ్ముడిని నేనే.

"నగేశ్, చీర మూలకు ధర చీటీ ఉన్నది. కనవడుతుందా? కాళ్ళ దిక్కు. పీకేయ్‌రా" అన్నాను.

వాడు వంగి పీకాడు. తమ్ముడిగా నేను అక్కకు చేసింది అంతే.

"అన్నా, కదిలియ్యమంటవా?" అని లింగ్యా గొంతు వచ్చింది.

"కదిలియ్యి" అన్నాను. "మెల్లగ వో. మోరీ కాడ గుంతలున్నయి, కుదుపు తాకనియ్యకు."

ఫోన్ పెట్టేశాక దుకాణం బయటికి వచ్చాను. మైల తగిలింది, నీళ్ళు పోసుకోవాలి. చుట్టూ నీళ్ళే. గల్లీ చివర కాలువలోకి మెట్లు దిగి ఉన్నాయి, నాచు పట్టి. నేను చెప్పులు విప్పి దిగబోయాను. మేనేజరు అడ్డం వచ్చాడు.

"సార్, సార్, ఇక్కడ నీళ్ళలోకి దిగకూడదండీ. పోలీసులు ఊరుకోరండీ."

"నా అక్క సచ్చిపోయిందిరా! నీళ్ళల్ల ఊరు గట్టి, నీళ్ళల్ల దిగొద్దా?" అని అరిచాను. గల్లీలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

శారద వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సల్లటి నీళ్ళయ్యా, నీ గుండె..."

"నువ్వు మాట్లాడకు. నీకైతె పొద్దుగాల్నే నీళ్ళు దొర్కినయి" అన్నాను.

ఆమె చెయ్యి వదిలేసింది. తడి ఆరని జుట్టు ముడి పట్టుకుని గోడకు ఆనుకుంది. రూతు తన మంచినీళ్ళ సీసా తీసి "అన్నా, గీ నీళ్ళు పోస్త, గోరువెచ్చగున్నయి" అంది. తాగే సీసా నీళ్ళు నెత్తి మీద చల్లుకుంటే అది స్నానం అవుతుందా? నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు మేనేజరు ఆ సీసా తీసుకుని రూతు నీళ్ళు పారబోశాడు. ప్యాంటు పైకి మడిచి, ఆఖరి మెట్టు మీద మోకాళ్ళు ఆన్చి, కాలువ నీళ్ళు నింపి తెచ్చి శారద చేతికిచ్చాడు. మళ్ళీ ఖాళీ అయితే మళ్ళీ నింపాడు. ఎవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు. శారద నా తల మీద పోసింది. ఉప్పగా, బురద వాసన, ప్రాణం పోయేంత చల్లగా ఉన్నాయి. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

మార్చుకోవడానికి బట్టలన్నీ హోటల్లో ఉన్నాయి. గుంపు అంతా కూడి బోటు వచ్చేసరికి సాయంత్రమైంది. అంతసేపూ తడి చొక్కాతోనే ఒక చర్చి గోడ పక్కన కూర్చున్నాను. రూతు తన కోటు ఇస్తే వద్దన్నాను. శారద నాకు కాస్త దూరంలో కూర్చుంది. ఆమె చేతిలో ఆ కాగితం పొట్లం ఉంది.

బోటు కదిలాక లింగ్యా మళ్ళీ ఫోన్ చేశాడు. పోయేటప్పుడు చెప్పాలి, వచ్చాక చెప్పాలి, అది కూడా నా నియమమే.

"పనైపోయిందన్నా. మంచిగ కాలింది. కుదుపు తాకనియ్యలేదు. రథం గడిగి షెడ్డుల వెట్టిన."

"మంచిది" అన్నాను.

చీకటి పడుతూ ఉంది. ఊరు వెనక్కి పోతూ ఉంది, దీపాలు కొన్నే ఉన్నాయి. నాకు దవడలు కొట్టుకునేంత వణుకు మొదలైంది. శారద లేచి వచ్చి, పొట్లం విప్పి, గుడ్డ మడత దులిపి నా భుజాల మీద వేసింది.

"తియ్యి! గది అక్కది" అన్నాను.

"అక్కదే" అంది శారద. తల మీది నుంచి కప్పి, చుట్టూ చుట్టి, చివర నా మెడ కింద దోపింది. పన్నెండు మూరల గుడ్డ, నన్ను రెండు చుట్లు చుట్టినా ఇంకా మిగిలింది.

ఆ రోజు మళ్ళీ శారదతో నేను మాట్లాడలేదు. గుడ్డ మాత్రం హోటల్ దాకా తియ్యలేదు.